పట్టుపురుగుకు జ్వరం ఎందుకొస్తుంది?

హిందూపురం వైపు పట్టురైతు ఇంట్లో 'పురుగులు జ్వరంలో ఉన్నాయి' అంటే ఎవరూ కంగారుపడరు. ఆకు వేయడం ఆపి, పడకల మీద సున్నం పొడి చల్లుతారు. ఈ జ్వరం జబ్బు కాదు, కుబుసం విడవడం.

దగ్గరగా చూడండి. పురుగు మేత మానేస్తుంది. సన్నటి పట్టుపోగులతో కాళ్లను పడకకు బిగించుకుని, తల పైకెత్తి దాదాపు ఒక రోజు కదలకుండా ఉండిపోతుంది. చివరికి పాత తలడిప్ప ఊడి పడుతుంది. పురుగు ముందుకు జరుగుతుంటే పాత చర్మం తొడుగులా వెనక్కి జారిపోతుంది. పాతిక రోజుల్లో దాని బరువు సుమారు పదివేల రెట్లవుతుంది. చర్మం అంతగా సాగదు కాబట్టి నాలుగు జ్వరాలు తప్పవు.

జ్వరం ఎప్పుడు రావాలో మెదడు నిర్ణయిస్తుంది. అక్కడ పుట్టిన హార్మోను ఎదభాగంలోని గ్రంథులను తట్టిలేపుతుంది. అవి ఎక్డైసోన్ అనే మరో హార్మోనును విడుదల చేస్తాయి. దాంతో పాత చర్మం కింద కొత్త చర్మం తయారవుతుంది. ఈ గ్రంథుల పాత్రను 1940లో జపాన్ శాస్త్రవేత్త ఫుకుడా పట్టుపురుగుల్లోనే తేల్చాడు. పురుగు ఒంటిని దారంతో బిగించి కడితే, గ్రంథులు లేని వెనక భాగం ప్యూపాగా మారలేదు. అక్కడ ఆ గ్రంథులను అమరిస్తే మారింది. 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి ఎక్డైసోన్ స్ఫటికాలను వేరుచేశారు. చేతికొచ్చింది 25 మిల్లీగ్రాములే!

మరి ఈ నాలుగు జ్వరాల తర్వాత పురుగు పురుగుగానే ఎందుకుంటుంది? మెదడు వెనక ఉండే రెండు చిన్న గ్రంథుల నుంచి వచ్చే జువెనైల్ హార్మోనే అందుకు కారణం. కుబుసం విడవమనేది ఎక్డైసోన్ అయితే, విడిచాక కూడా పురుగుగానే ఉండమనేది ఇది. 1938లో ఫ్రెంచి శాస్త్రవేత్త బూనియోల్ చిన్న పురుగుల్లో ఆ గ్రంథులను తీసేస్తే, అవి ఎదగకుండానే బుల్లి గూళ్లు కట్టాయి. మామూలుగా నాలుగో జ్వరం తర్వాతి అయిదో దశలో ఈ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు వచ్చే ఎక్డైసోన్‌తో పురుగు పండి (గూటికి సిద్ధమై), చంద్రిక అనే తట్ట ఎక్కి గూడు కడుతుంది.

ఈ కిటుకు రైతుకూ పనికొచ్చింది. మొక్కల నుంచి తీసిన ఎక్డైసోన్ జాతి పదార్థాన్ని ఆకు మీద చల్లి మేపితే పురుగులన్నీ ఇంచుమించు ఒకేసారి పండుతాయి. జువెనైల్ హార్మోనును పోలిన మందును అయిదో దశలో లెక్కప్రకారం వాడితే, పురుగు ఇంకొంతకాలం మేసి పెద్ద గూడు కడుతుంది.

లెక్క తప్పితే అదే శాపం. ఇటలీలో పండ్లతోటల్లో చల్లిన ఫెనాక్సీకార్బ్ అనే ఇలాంటి మందు గాలికి మల్బరీ ఆకు మీద చేరడంతో పురుగులు గూడే కట్టకుండా పోయాయి. ఈ రకం మందుతో పురుగు వెంటనే చావదు. తింటూనే ఉంటుంది, పట్టు మాత్రం ఇవ్వదు. అందుకే మీ చేలో పురుగుల ఎదుగుదలను అడ్డుకునే మందు కొట్టేముందు, గట్టు అవతల మల్బరీ ఉందేమో ఒక్కసారి చూడండి. ఉంటే, ఆ రైతుకు ముందుగా చెప్పండి.