స్వయంపాలనకు మార్కులు: ఎవరి స్వయంపాలన?

రాష్ట్రాల హక్కుల మీద సభ పెడితే ఢిల్లీ పెత్తనం గురించి మాట్లాడని వక్త ఉండడు. మరి ఏ దేశంలో ప్రాంతీయ ప్రభుత్వానికి ఎంత అధికారం ఉందో కొలిచి పోల్చొచ్చా? పోల్చొచ్చు. లీస్‌బెట్ హూగె, గ్యారీ మార్క్స్, వారి సహ పరిశోధకులు తయారుచేసిన రీజనల్ అథారిటీ ఇండెక్స్ అనే సూచిక చేసేది ఆ పనే. 2010లో 42 దేశాలతో వచ్చిన ఈ లెక్క 2016 నాటి పుస్తకంలో 81 దేశాలకు పెరిగింది.

పద్ధతి మన పరీక్షల్లాంటిదే. పది అంశాలు, 30 మార్కులు. అందులో 18 స్వపాలనకు: ఏ రంగాలు ఆ ప్రభుత్వం కింద ఉన్నాయి, పోలీసు ఎవరి చేతిలో ఉంది, పన్ను తానే వేసుకోగలదా, అప్పు తానే తేగలదా, శాసనసభను జనం ఎన్నుకుంటారా అన్నవి చూస్తారు. మిగతా 12 దేశం మొత్తం పాలనలో వాటాకు. ఈ విభజన పనికొచ్చేదే. 2017లో జి.ఎస్.టి. వచ్చాక చాలా సరుకుల మీద అమ్మకం పన్నును రాష్ట్రం ఒంటరిగా నిర్ణయించుకునే వీలు పోయింది. బదులుగా కౌన్సిల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల ఓటు దక్కింది. అయితే ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతులు కావాలి, కేంద్రానికొక్కదానికే మూడో వంతు ఉంది. ఢిల్లీ వద్దంటే ఏదీ కదలదు.

సగటు జనాభా లక్షా యాభై వేలు లేని పాలనా స్థాయిని సూచిక లెక్కలోకి తీసుకోదు. గ్రామ పంచాయితీ అలా జారిపోతుంది. మాబోటివాళ్ళు ప్రభుత్వాన్ని మొదట చూసేది అక్కడేనాయె!

మా అసలు అభ్యంతరం ప్రాతినిధ్యం అనే అంశం మీద. శాసనసభ ఎన్నికైనదైతే, పాలకుణ్ణి ఆ ప్రాంతమే ఎంచుకుంటే 4కి 4 ఇస్తారు. ఓటు ఎవరికి ఉందని అడగరు. 1950లో అమెరికాలోని అలబామాకు సొంత శాసనసభ, సొంత గవర్నరు ఉన్నారు కాబట్టి ఈ నియమం ప్రకారం నాలుగూ వస్తాయి. అక్కడి నల్లవాళ్ళలో అత్యధికులను అప్పుడు ఓటర్ల జాబితాలో చేరనివ్వలేదు. 1965 ఓటు హక్కుల చట్టంతో కేంద్రం ఆ రాష్ట్రం చేతులు కట్టేసింది. ఓటింగు నియమం ఏది మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలంది. అలబామాలోని షెల్బీ కౌంటీ కేసులో 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పట్టు పోయింది. రాష్ట్రాధికారం తగ్గిన రోజుల్లోనే నల్లవాళ్ళ అధికారం పెరిగింది.

ఈ సంగతి అంబేద్కర్‌కు తెలుసు. 1955లో భాషారాష్ట్రాల మీద రాస్తూ ఒక పెద్ద కులం చేతిలో మిగతావాళ్ళు చిక్కుకుంటారని హెచ్చరించాడు. ఉదాహరణకు తీసుకున్న వాటిలో ఆంధ్ర ఒకటి. రాజ్యాంగంలోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేస్తే, దానికి శిక్షలు వేసే చట్టం పార్లమెంటే చెయ్యాలి, రాష్ట్ర శాసనసభ చెయ్యకూడదని 35వ అధికరణం చెబుతుంది. సెక్రటేరియట్ నుంచి చూస్తే ఇది అధికారంలో కోత. గూడెం నుంచి చూస్తే ఆసరా. కాని కేసు రాయాల్సింది రాష్ట్ర పోలీసే. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను హైకోర్టు 2014లో కొట్టేసింది.

అలాగని ఢిల్లీకి దండం పెట్టమనడం లేదు. మాదిగ దండోరా 1994లో మొదలైంది. ఎస్.సి. వర్గీకరణకు ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని, ఆ అధికారం రాష్ట్రానికి లేదని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. వర్గీకరణ మీద మాలమాదిగల మధ్య వాదం ఉంది, దాన్నిక్కడ తేల్చబోవడం లేదు. నిర్ణయం ఎక్కడ జరగాలన్నదే మా ప్రశ్న. ఉద్యమం ఇక్కడ, జవాబు చెప్పాల్సిన ప్రభుత్వం ఇక్కడ, తాళంచెవి మాత్రం ఇరవై ఏళ్ళు అక్కడ. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని 2024 ఆగస్టు 1న అదే కోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలులోకి వచ్చింది. ఇలాంటి అధికారానికి సూచికలో విడిగా మార్కులేమీ లేవు.