నీడ చెప్పే ఎత్తు

ఆలూరు ప్రాంతంలో ఎండకు కొదవ లేదు. మస్జిదు మినారును ఎక్కకుండానే దాని ఎత్తు తెలుసుకోవడానికి ఆ ఎండే చాలు.

చదునైన నేలపై ఒక మీటరు ఎత్తు నిలిచేలా కర్రను నిటారుగా పాతండి. దాని నీడ 80 సెంటీమీటర్లు, అదే క్షణాన మినారు నీడ 16 మీటర్లు ఉన్నాయనుకుందాం. 16ను 0.8తో భాగిస్తే 20. అదే మినారు ఎత్తు, మీటర్లలో. అయితే మినారు నీడను గోడ అంచు నుండి గాక, శిఖరానికి సరిగ్గా కిందనున్న చోటు నుండి లెక్కించాలి.

ఎత్తును నీడతో భాగిస్తే వచ్చే ఈ నిష్పత్తినే బడిపిల్లలు 'టాంజెంటు' అంటారు. అరబ్బీలో దీనిని 'జిల్' అన్నారు, అంటే నీడ. అస్ర్ నమాజు వేళ నీడ పొడవును బట్టి నిర్ణయమవుతుంది గనుక ముస్లిం విద్వాంసులు నీడలను శ్రద్ధగా పరిశోధించారు. 9వ శతాబ్దంలో హబష్ అల్ హాసిబ్ వాటి పట్టికలు కూర్చారు. 973లో జన్మించిన అల్ బీరూనీ నీడలపైనే ఒక గ్రంథం రచించారు.

కొండకు నీడను అడుగు నుండి కొలవలేము. అందుకే అల్ బీరూనీ నేటి పాకిస్తాన్‌లోని నందనా కోట వద్ద, రెండు చోట్ల నుండి శిఖరపు కోణాలు చూసి కొండ ఎత్తు కట్టారు. ఆ ఎత్తు ఆధారంగా భూమి వ్యాసార్థాన్నీ గణించారు.

మస్జిదులో వేలాడే నమాజు వేళల పట్టిక వెనుక ఉన్నదీ ఈ లెక్కే. లెక్కలు తమవి కావని వెనుకాడే మన పిల్లలకు ఈ సంగతి తప్పక తెలియాలి.