అతుకుల బొంత



నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పేపర్లో "అతుకుల బొంత ప్రభుత్వం" అని రాస్తారు. కథ బాగలేకపోతే "అతుకుల బొంత లాగ ఉంది" అంటారు. పెండ్లికొడుకును, పెండ్లికూతురును ఎగతాళి చేయాలంటే "గంతకు తగ్గ బొంత" అనే సామెత ఉండనే ఉన్నది. బొంత పేరు ఎక్కడ వచ్చినా తిట్టుకే వస్తది. ఈ మాటలు పుట్టించినవాళ్ళు ఒక్కనాడు కూడా బొంత కుట్టి ఉండరని నా నమ్మకం. కప్పుకున్నారో లేదో కూడా అనుమానమే!

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన హాస్టల్లో కొత్తగా చేరిన చిన్న తరగతుల పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతను పొద్దంతా పెట్టె వెనుక దాస్తున్నారు. లైటు తీసిన తరువాత కప్పుకుంటున్నారు. దుప్పటి ఉన్నవాళ్ళు నవ్వుతారని భయం. ఈ వ్యాసం వాళ్ళ కోసం, నవ్వేవాళ్ళ కోసం కూడా.

బొంత అంటే పాత చీరెలు కలిపి కుట్టేదే కదా అంటారు. అంతే అయితే అది గోనెసంచి కుట్టినంత పని. అసలు పని బట్ట ఏరే దగ్గర మొదలవుతది. మా నాయనమ్మ పాత చీరెను బొటనవేలుకు, చూపుడువేలుకు నడుమ పెట్టి నలుపుతది. తరువాత ఎండకు ఎత్తి పట్టి చూస్తది. బట్ట ఎక్కడ పలుచబడిందో వెలుగులో తెలిసిపోతది. పలుచటి ముక్క లోపలి పొరకు, గట్టి ముక్క పైకి. కొత్తబట్ట అసలే పనికిరాదు. గంజితోటి బిర్రుగా ఉంటది, సూది దిగదు, ఒంటికి గుచ్చుకుంటది. పది పదిహేనేండ్లు కట్టి, ఉతికి, ఎండబెట్టిన నూలు చీరెకే ఆ మెత్తదనం వస్తది. ఇంకొక సంగతి, నాయనమ్మ కత్తెర పట్టదు. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి బర్రున చింపుతది. నేసిన బట్ట పోగు వెంబడే చినుగుతది కాబట్టి కొలబద్ద లేకున్నా గీత తిన్నగా వస్తది. కత్తెరతో మనం కోస్తే వంకర పోతది.

ఇక లెక్కల సారుకు నచ్చే విషయం. చీరె పొడవు సుమారు 5.5 మీటర్లు, పన్నా 1.15 మీటర్లు అనుకోండి. దాన్ని మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్క 1 మీటరు 83 సెంటీమీటర్లు, అంటే దాదాపు 6 అడుగులు. పెద్దమనిషి పండుకునేంత కొలత. ఒక చీరెకు మూడు పొరలు వచ్చినట్టు. రెండు చీరెలకు 6 పొరలు, మూడు చీరెలకు 9 పొరలు. అవ్వలు టేపు పట్టి కొలవరు, మూరతోటి జానతోటి కొలుస్తారు. అయినా లెక్క తప్పదు.

ముక్కలను చాప మీద పరిచి, నాలుగు మూలలకు రాళ్ళు పెట్టి, ముడతలు అరచేతితో సాపు చేస్తారు. పొరలు జరగకుండా ముందు దూరం దూరంగా కచ్చాకుట్టు వేస్తారు. అసలు కుట్టు ఆ తరువాత. సూది కిందికి దిగి పైకి లేచే సాదా కుట్టే. కొందరు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. మా నాయనమ్మ నిలువు వరుసలు వేస్తది. వరుసకు వరుసకు 3 సెంటీమీటర్ల ఎడం ఉంటే 115 సెంటీమీటర్ల పన్నాలో 38 వరుసలు. ఒక్కొక్కటి 183 సెంటీమీటర్లు. గుణిస్తే మొత్తం సుమారు 70 మీటర్ల కుట్టు! 2 సెంటీమీటర్లకు ఒకసారి సూది పైకి లేస్తదనుకుంటే ఒక్క బొంతలో దాదాపు 3,500 కుట్లు. నమ్మకం లేనివాళ్ళు ఆదివారం నాడు తమ బొంత మీద ఒక వరుస లెక్కపెట్టి 38తో గుణించి చూసుకోండి.

ఇంత పని ఎందుకంటే చలికి. మన గూడూరు చుట్టుపక్కల, పాకాల అడవి వైపు, పుష్యమాసంలో తెల్లవారుజామున చలి ఎట్లుంటదో చెప్పనవసరం లేదు. సైన్సు పాఠంలో చదివిందే ఇక్కడ పనికొస్తది. బొంత వేడిని పుట్టించదు. మన ఒంట్లో ఉన్న 37 డిగ్రీల వేడిని బయటికి పోనియ్యదు, అంతే. గాలి వేడిని సులువుగా పోనియ్యని పదార్థం. కానీ కదిలే గాలి వేడిని ఎత్తుకుపోతది, నిలబడ్డ గాలి కాపాడుతది. తొమ్మిది పొరల మధ్య ఎనిమిది సందులు. ఆ సందుల్లో గాలి చిక్కుకొని నిలబడతది. కుట్టు పొరలు జారకుండా పట్టుకుంటది. కుట్టు మరీ దగ్గరగా వేస్తే పొరలు అణిగిపోయి గాలికి చోటుండదు, మరీ దూరంగా వేస్తే పొరలు జారి ఒక మూలకు ముద్దయితయి. ఎంత ఎడం ఉండాలో అవ్వల చేతికి తెలుసు. కురుమలు గొర్రె బొచ్చుతో నేసే గొంగడి కూడా చలి ఆపుతది, వానకు కూడా ఆగుతది. కానీ చంటిపిల్లల ఒంటికి గొంగడి గుచ్చుకుంటది. వాళ్ళకు బొంతే.

బొంత మన ఒక్కరిదే కాదు. లంబాడీ తండాల్లోనే కాదు, కొత్తగూడ, గంగారం వైపు కోయ గూడేల్లో ఉన్నది, ఊర్లలో అన్ని కులాల ఇండ్లలో ఉన్నది. మరాఠీవాళ్ళు గోధడి అంటారు, కన్నడంవాళ్ళు కౌది అంటారు, బెంగాలీవాళ్ళు కాంథా అంటారు. సంస్కృతంలో కంథ అంటే అతుకులు వేసి కుట్టిన బట్టే.

అసలు బొంత కుట్టేది చలికాలంలో కాదు, ఎండాకాలంలో. పత్తి ఏరుడు అయిపోయి, మిరపకాయ కల్లంలో నుంచి ఇంటికో మార్కెట్‌కో చేరిన తరువాత చేతికి తీరిక దొరుకుతది. అప్పుడే అత్తగారింటి నుంచి ఆడబిడ్డలు వస్తారు. చెట్టు కింద చాప పరిచి నలుగురు నాలుగు దిక్కుల కూర్చుంటారు. ఒకరు ఒక అంచు నుంచి, ఇంకొకరు ఇంకొక అంచు నుంచి. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు కదా! ఎవరికి సంబంధం చూడాలె, ఎవరు ఎవరితో మాట్లాడట్లేదు, ఎవరికి ఎంత బాకీ ఉన్నది, అన్నీ అక్కడే. ఎదురెదురు కూర్చొని ఒకే బట్టను పట్టుకున్నప్పుడు ముఖం తిప్పుకునేందుకు వీలుండదు. మా ఇంట్లో రెండేండ్లు మాటలు లేని ఇద్దరు తోడికోడండ్లు ఒక బొంత సగమయ్యే సరికి "ఆ దారం ఇటియ్యి" అని మొదలుపెట్టారు. దారం తోటే మొదలు. తరువాత మామూలే.

ఇంట్లో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది బొంతలు చాలు కదా అని మీరు అడగవచ్చు. చాలవు. శ్రావణంలో తీజ్ పండుగకు పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు ఆడి పాడతారు, ఆఖరి రోజుకు చుట్టాలంతా దిగుతారు. ఆషాఢంలో సీత్ల పండుగ. ఆ తరువాత పెండ్లిండ్లు. రెండేండ్లకు ఒకసారి మాఘమాసంలో మేడారం జాతర. బండ్లలో, ట్రాక్టర్లలో గడ్డి పరిచి దాని మీద బొంతలు పరిచి పోతారు. అక్కడ చెట్ల కింద వాటి మీదే పండుకుంటారు. ఒక ఇంటికి ఎంతమంది చుట్టాలు వచ్చి రాత్రి ఉండగలరో ఆ ఇంటి బొంతలు లెక్కపెడితే తెలుస్తది. మా నాయనమ్మ దండెం మీద ఎప్పుడూ ఇంట్లో మనుషులకంటే రెట్టింపు బొంతలు ఉంటయి. దుప్పట్లు కొనాలంటే అన్ని డబ్బులు ఏ ఇంట్లో ఉంటయి? పాత చీరెలు, అవ్వ చేతులు ఉండబట్టి చుట్టరికం నడుస్తున్నది.

ఆ బొంతల్లో ఏ ముక్క ఎవరిదో నాయనమ్మ చూడకుండనే చెప్తది. ఆకుపచ్చది పెద్దత్త పెండ్లినాటిది. ఎర్రగళ్ళది మా అమ్మ ఈ ఇంటికి వచ్చినప్పుడు కట్టుకున్నది. పుట్టిన పిల్లలకు కుట్టే చిన్న బొంతలో మాత్రం నాయనమ్మ తన చీరెలే వేస్తది, అన్నిటికంటే అవే మెత్తన కాబట్టి. తాత చనిపోయిన తరువాత రెండు దోవతులు, ఒక రుమాలు మిగిలినయి. మూడు నెలలు వాటిని ఎవరినీ ముట్టనియ్యలేదు. తరువాత ఒకనాడు తానే ఉతికి, బొంతలో పైకి కనబడకుండా నడిమి పొరగా వేసి కుట్టింది. ఆ బొంతను చుట్టాలకు ఇయ్యదు. ఎవరూ అడగరు.

సరిగ్గా ఇట్లాంటి పని 1942లో అమెరికాలో జరిగింది. అలబామా రాష్ట్రంలో మూడు వైపులా నది చుట్టుకొని ఉన్న జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. అక్కడివాళ్ళు పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసిన నల్లజాతివాళ్ళ సంతతి. వాళ్ళదీ పత్తి చేలే, మనదీ పత్తి చేలే. మిస్సోరీ పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోతే, ఆయన చేనులో పనికి వేసుకున్న బట్టలతో బొంత కుట్టింది. ఆయనను గుర్తు పెట్టుకొని కప్పుకోవడానికి. మోకాళ్ళ దగ్గర అరిగిన గుర్తులు, వెలిసిన రంగు అట్లనే కనిపిస్తయి. 1966లో ఆ ప్రాంతం ఆడవాళ్ళు బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ఆ పల్లె బొంతలను గోడలకు వేలాడదీసి చూపించారు, తరువాత న్యూయార్కులో కూడా. 2006లో అమెరికా తపాలాశాఖ ఆ బొంతల బొమ్మలతో 10 స్టాంపులు వేసింది. మనం పెట్టె వెనుక దాచేదాన్ని వాళ్ళు స్టాంపు మీద వేశారు.

మన దగ్గరి సంగతి కూడా ఉన్నది. కర్ణాటకలో బళ్ళారి జిల్లా సండూరు లంబాడీ ఆడవాళ్ళ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టుకొని వేరేవాళ్ళు అమ్ముకోకూడదు. అందులో కుట్లు 14 రకాలు. కిలన్, వెలె, మకి, రేలో, నక్రా ఇట్లా ఒక్కొక్కదానికి పేరు ఉన్నది. 2023 జులైలో హంపిలో జీ-20 దేశాల సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ ఆడవాళ్ళు 1,755 అతుకుపని వస్తువులు చేసి పెడితే గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. అతుకుపనే సుమా!

మన తండాల అవ్వలు ఫేటియా మీద, కాంచళి మీద అద్దాలు, గవ్వలు కుట్టేది ఈ పనే. లంబాడీలు ఒకప్పుడు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ ఊరూరు తిరిగినవాళ్ళు. 17వ శతాబ్దంలో మొగలాయి సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు చేరవేశారు. రోడ్లు, రైళ్ళు వచ్చినాక ఆ వ్యాపారం పోయింది. ఇల్లు లేకుండా తిరిగేవాళ్ళకు బట్టే గోడ, బట్టే పెట్టె, బట్టే పరుపు. అందుకే బట్ట చినిగితే పారేయడం వాళ్ళకు రాదు.

ఇప్పుడు కష్టం ఎక్కడ వచ్చిందంటే చీరెల దగ్గర. మన చుట్టూ పత్తి పండుతది, ఏనుమాముల మార్కెట్‌కు లారీలు పోతయి, కానీ మన అమ్మల ఒంటి మీద నూలు చీరె అరుదై పోయింది. అంతా పాలిస్టర్. చౌక, తొందరగా ఆరుతది, రంగు పోదు, కాదనలేము. కానీ బొంతకు పనికిరాదు. పొర మీద పొర జారుతది, చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటది. 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. మా నాయనమ్మ దగ్గర నూలు చీరెలు ఇంకా నాలుగే ఉన్నయి. వాటిలో రెండు ఆమె కట్టుకుంటది. అంటే ఇంకా ఎన్ని బొంతలు వస్తయో పైన చెప్పిన లెక్క ప్రకారం మీరే చేసుకోండి.

ఇంకొక కష్టం కండ్లు. సూదిలో దారం ఎక్కించుడు అవ్వలకు కాదు. సెలవులకు ఇంటికి పోతే ఆ పని మనదే. పది సూదులకు దారం ఎక్కించి బట్టకు గుచ్చి పెడితే అవ్వ ఒక పూట కుట్టుకుంటది. పక్కన కూర్చుంటే ఏ ముక్క ఎవరిదో అప్పుడే అడగవచ్చు. అబ్బాయిలు కూడా కూర్చోవచ్చు, సూదికి ఆడ మగ తెలియదు.

ఇక్కడ హాస్టల్లో చినిగిన బొంతలు ఉన్నవాళ్ళకు అతుకు వేసే పద్ధతి చెప్తాను. చిరుగు కంటే నాలుగు వేళ్ళు పెద్దగా ఉండే పాత నూలు ముక్క తీసుకోవాలె. లుంగీ అయినా మంచిదే. అంచులు లోపలికి మడిచి చిరుగు మీద పెట్టి, ముందు నాలుగు మూలలు కుట్టాలె. ఆ తరువాత చుట్టూ, ఆ తరువాత నడుమ అడ్డంగా మూడు నాలుగు వరుసలు. దారం రెండు పేటలు వేయాలె, మరీ పొడుగు తీస్తే చిక్కుపడుతది, చేయి చాపినంత చాలు. పాత కుట్టు వరుస ఎటు పోయిందో అటే పోవాలె. ముడిని లోపలి పొరలోకి దించాలె, పైన వదిలితే రాత్రంతా చెంపకు గుచ్చుకుంటది.