సరుకులు అవే, సెగే వేరు!

బెల్లం అదే, నీళ్లూ అవే. సెగ తగిలేకొద్దీ లేతపాకం, తీగపాకం, ముదురుపాకం అవుతాయి. ఇది మనకెవరూ నేర్పక్కర్లేదు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే వేడి గ్రహాల గాలిని లెక్కగట్టే శాస్త్రవేత్తలు చేసేదీ దాదాపు ఇదే. కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్, గంధకం... సరుకులు అవే. వేడి తక్కువైతే కార్బన్ ఎక్కువగా మీథేన్‌లో ఉంటుంది. వెయ్యి డిగ్రీలు దాటితే కార్బన్ మోనాక్సైడ్‌లోకి మళ్లుతుంది.

‘‘అక్కడికెవరూ వెళ్లలేదుగా, ఎలా తెలుస్తుంది అత్తయ్యా?’’ అని మా ఆడపడుచు కూతురు నిలదీసింది. ఇంటర్ చదువుతోంది. గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు కొంత వెలుగు ఆ గ్రహం అంచునున్న గాలిలోంచి వస్తుంది. ఒక్కో వాయువూ ఒక్కో రకం వెలుగుని మింగేస్తుంది. ఏది ఎంత తగ్గాలో ముందుగా కంప్యూటర్లో లెక్కవేసి, టెలిస్కోపు కొలతలతో సరిచూసుకుంటారు.

ఈ లెక్కకి దారి వేసినవారిలో సారా సీగర్ అనే ఆవిడ ఉన్నారు. ఇలాంటి గ్రహాల గాలిలో సోడియం జాడ కనబడాలని 2000లో సాసెలోవ్ అనే శాస్త్రవేత్తతో కలిసి రాశారు. 2002లో అచ్చయిన హబుల్ కొలతల్లో నిజంగానే కనబడింది, అనుకున్నంత బలంగా కాకపోయినా. మన దేశం నుంచి వెళ్లిన నిక్కు మధుసూదన్ ఎం.ఐ.టి.లో ఈవిడ దగ్గరే పరిశోధన చేశారు.

లెక్కకి అందని సంగతి ఇంకా బాగుంటుంది. 700 కాంతి సంవత్సరాల దూరంలోని వాస్ప్-39బి గ్రహం వేడి దాదాపు 900 డిగ్రీలు. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుకి అక్కడ సల్ఫర్ డయాక్సైడ్ చిక్కింది. వేడినొక్కదాన్నే నమ్ముకుంటే అది అంత ఉండకూడదు. మరి కారణం? ఎండ! నక్షత్రపు వెలుగు నీటి ఆవిరిని చీలుస్తుంది. ఆ ముక్కలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ని విడగొట్టి, గంధకానికి ఆక్సిజన్‌ని అంటగడతాయి. షాంగ్‌మిన్ త్సాయ్ బృందం 2023లో ‘నేచర్’ పత్రికలో ఈ ముడి విప్పింది.

హైడ్రోజన్ సల్ఫైడ్ అంటే మురిగిన గుడ్డు వాసన. భద్రాచలం అడవుల దగ్గరి అశ్వాపురం వాళ్లకి ఈ పేరు కొత్త కాదు. 1991లో మొదలైన అక్కడి భారజల కర్మాగారంలో గోదావరి నీళ్లని పైనుంచి, ఈ వాయువుని కిందనుంచి ఎదురెదురుగా నడిపిస్తారు. చల్లగా ఉన్నచోట భారహైడ్రోజన్ నీళ్లలోకి, వేడిగా ఉన్నచోట వాయువులోకి మళ్లుతుంది. ఇదీ సెగ మహిమే! అదే వాయువుని 2024లో హెచ్‌డి 189733బి అనే వేడి గ్రహంలోనూ గుర్తించారు.

మా మేనకోడలు ఫిజిక్స్ చదువుతానంటోంది. ‘‘ఆడపిల్లకి అదెందుకు, ఉద్యోగమొస్తుందా?’’ అని ఇంట్లో ఒకటే గొడవ. మీ ఇంట్లోనూ ఇదే మాట వినబడుతోందా? ఆ పిల్లకి లెక్కలంటే ఇష్టమైతే చదవనివ్వండమ్మా. సీగర్ ఆ లెక్క వేసేనాటికి అలాంటి గ్రహపు గాలిని కొలిచినవాళ్లెవరూ లేరు మరి!