గొంతుకోత

వార్తాపత్రికల వాణిజ్యపు పుటలలో ‘గొంతుకోత పోటీ’ అను మాట తరచుగ కనబడుచున్నది. ఇది ఆంగ్లమునందలి ‘కట్ థ్రోట్’ అను పలుకుబడికి అక్షరాలా చేసిన అనువాదము. గొంతు వారికిని ఉన్నది, మనకును ఉన్నది, కత్తియు అంతే. కావున మాటకు మాట సరిపోయినదని విద్యార్థులు అనుకొనుటలో వింత లేదు. కాని సరిపోలేదు.

ఆంగ్లమున ఈ పదము 16వ శతాబ్దినుండి వాడుకలో నున్నది. మొదట దాని యర్థము హంతకుడనియే. కాలక్రమమున అది కనికరము లేని పోటీకి విశేషణమైనది. ముగ్గురు కూర్చుండి ఎవరికి వారుగా ఆడెడు పేకాటకు సైతము ఆ పేరే పెట్టిరి! ఈ వాడుకలలో నమ్మకద్రోహముతో పని లేదు. ఎదుటివాడు ప్రత్యర్థియని ఇరువురకును తెలియును. ఒకడు ధర తగ్గించును, రెండవవాడు ఇంకను తగ్గించును. తట్టుకొనలేనివాడు దుకాణము మూసికొనును.

తెలుగువాని గొంతుకోత యట్టిది కాదు. దానికి ముందు ‘నమ్మించి’ అను మాట ఉండి తీరవలెను. పైకి వినబడకున్నను లోపల నుండును. కుప్పకు నిప్పు పెట్టిన పగవానిని డెల్టా రైతు నానా మాటలును తిట్టును గాని, ‘గొంతు కోసినాడు’ అనడు. ధాన్యపు బస్తాలు నమ్మకముమీద తోలుకొనిపోయి, పైకమీయక ఊరు విడిచిన వర్తకుని గూర్చి ఆ మాట యనును. విజయవాడ బజారులో ప్రక్కదుకాణమువాడు ధర తగ్గించి బేరములు లాగుకొన్నచో ‘పొట్ట కొట్టినాడు’ అందురు. వాటాదారు లెక్కలు తారుమారు చేసినచో ‘గొంతు కోసినాడు’ అందురు. అనగా ఆంగ్లేయుని ‘కట్ థ్రోట్’ పోటీకి సరియైన తెలుగు గొంతువద్ద గాక పొట్టవద్ద దొరకుచున్నది.

‘తడిగుడ్డతో గొంతు కోయుట’ అను జాతీయమును గమనింపుడు. తడిగుడ్డ దేనిని కోయగలదు? జ్వరము వచ్చినవాని నుదుట వేయునది అది. ఆ చల్లదనమునే ఆయుధముగ ఊహించిన అజ్ఞాతునకు పండితులు సైతము నమస్కరింపవలెను. గొఱ్ఱె కసాయివానినే నమ్మునన్న సామెతయు ఈ కోవలోనిదే. అందు ‘కసాయి’ అన్న మాట ఉర్దూనుండి వచ్చినది. ‘నమ్ముట’ మాత్రము అచ్చముగ మనది.

అమరావతికి చేరువలో నరుకుళ్ళపాడు అను గ్రామము కలదు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు, దోపిళ్ళు చేయుచున్నారన్న నింద మోసిన చెంచులను విందుకు పిలిపించి, వచ్చినవారిని నరికించెననియు, ఊరికి ఆ పేరు అందుచేతనే కలిగెననియు జనులు చెప్పుకొందురు. పిదప ఆయన కంటికి విస్తరిలోని అన్నము పురుగులై కనబడజొచ్చెనట! ఆ పాపము పోగొట్టుకొనుటకే చింతపల్లి విడిచి వచ్చి అమరేశ్వరుని ఆశ్రయించెనట.

1816లో కన్నుమూసిన ఈ జమీందారు అమరావతిలో పట్టణము కట్టించుట, అమరేశ్వరాలయమును ఉద్ధరించుట చరిత్ర. ఆ కట్టడములకై ప్రాచీన బౌద్ధస్తూపమును త్రవ్వించుచున్న సంగతి తెలిసి, 1797లో కాలిన్ మెకంజీ అచ్చటికి వచ్చినాడు. విందు కథ మాత్రము జనశ్రుతి. ఊరి పేరునుండియే కథ పుట్టినదేమో యన్న సందేహమునకును తావున్నది. అయినను ఆ కథ జనుల మనస్సును పట్టియిచ్చుచున్నది. దోపిడికాండ్రను చంపించుట ఆనాటి పాలకులకు క్రొత్త గాదు. అట్టి మరణశిక్షలు ఎన్నియో మరపున పడిపోయినవి. విస్తరి వేసి చంపుట మాత్రము రెండు వందల యేండ్లు గడచినను మరువలేదు. పాపము ఏ విస్తరివద్ద జరిగినదో శిక్షయు ఆ విస్తరిలోనే పడినట్లు కథ కట్టిరి.

ఈ కథ చెప్పి, ఇందులో ‘కట్ థ్రోట్’ ఎవరని అడిగినచో, ఆంగ్లేయుడు దొంగలన్న పేరుపడిన చెంచులను చూపవచ్చును. గొంతు కోసినదెవరని అడిగినచో, తెలుగు బాలుడు విందు పెట్టినవానిని చూపును.