పాత పడవ పోషణము



ఇల్లు గలవానికి ఏటేట వెల్లవేయుట, కప్పు చూచుకొనుట యెట్లు తప్పదో, పడవ గలవానికి ఏటేట దానిని ఒడ్డునకు లాగి చూచుకొనుట అట్లే తప్పదు. ఇల్లు రెండేండ్లుపేక్షించినను నిలుచును. పడవ నిలువదు. గౌతమీతీరమున మా గ్రామమందు నాకొక తెరచాప నావ కలదు. అది నాకంటె నాలుగేండ్లు పెద్దది. బడిలో శబ్దమంజరి వల్లెవేయించిన పంతులుకు పడవతో పనియేమని నవ్వినవారు పెక్కండ్రు. వారి నవ్వునకు నాకు కోపములేదు; మొదట నాకును తెలియలేదు. అయినను ముప్పదియైదేండ్లకు పైగా దానిని పోషించుటలో నేర్చిన సంగతులు కొన్ని, నేర్వకపోవుటచే పోగొట్టుకొన్నవి కొన్ని కలవు. కోనసీమలోను, తాళ్ళరేవు, కోరంగి ప్రాంతములందును ఇప్పటికిని కొందఱి దొడ్లలో తాతలనాటి పడవ బోర్లించి యుండుట నే నెఱుగుదును. దానిని కట్టెల క్రింద అమ్మవలెనా, బాగుచేయింపవలెనా అని నన్నడుగువారును కలరు. ముఖ్యముగా వారికొఱకే యీ ప్రసంగము.

మన దేశమున పడవ క్రొత్తవస్తువు కాదు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడబొమ్మను వేయించెను. ఆనాటి మాట అటుండనిండు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మన పొలములకు నీటినే గాక మన సరకులకు దారినిగూడ ఇచ్చినది. కాలువలమీద లాకులు కట్టుటచే, కాకినాడలో బయలుదేరిన పడవ ఏలూరు, విజయవాడల మీదుగా పోయి, బకింగ్‌హాం కాలువ వెంట చెన్నపట్టణము చేరగలిగెడిది. గాలి యున్నచో తెరచాప. లేనిచో గట్టువెంట కళాసులు త్రాడుపట్టి లాగుట. మా మేనమామగారు 1956లో ఈ నావను కోరంగి వడ్రంగులచే చేయించి, కోనసీమ కొబ్బరికాయలను కాకినాడకు వేయించుచుండిరి. దాని పొడవు 28 అడుగులు, అడుగుభాగము చదును. కావున మోకాలిలోతు నీటను సాగును. లారీలు, వంతెనలు వచ్చిన పిమ్మట ఆ వర్తకము పోయినది. ఆయనకు సంతానము లేదు. 1987లో ఆయన గతించినప్పుడు నావ నాకు వచ్చినది. కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల జలమార్గమును 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గాని, నా నావకు కొబ్బరికాయలు మాత్రము తిరిగి రాలేదు.

మన డెల్టాలో పడవకు ఇద్దఱు శత్రువులు. ఒకడు ఉప్పునీటిలో నుండును, ఒకడు వాననీటిలో. ఈ యిద్దఱి స్వభావము తెలిసినవాడు పోషణలో సగము తెలిసినట్లే.

మొదటిది ఓడపురుగు. చూచుటకు పురుగేగాని, శాస్త్రజ్ఞులు దీనిని ఆలుచిప్పల జాతిలో చేర్చుదురు. తలయొద్దనున్న రెండు చిన్న చిప్పలే దానికి బరమా. సూదిమొనంత రంధ్రముచేసి లోనికి పోవును. లోపల పెరుగుచు, పలకపొడవున సొరంగములు త్రవ్వును. పైకి పలక నున్నగనే యుండును. బొటనవ్రేలితో నొక్కిన లోనికి దిగును. అందుచే మా సరంగు ప్రతి సంవత్సరమును కొయ్యసుత్తితో అడుగుపలకల నొక్కటొక్కటిగా తట్టి, చెవియొగ్గి వినెడివాడు. గట్టి పలక ఖణేలుమనును. తినబడిన పలక గుల్ల గుమ్మడికాయవలె పలుకును. ఈ పురుగు మంచినీటిలో బ్రదుకజాలదు. వేసవిలో గౌతమిలో ఉప్పు పైకెక్కును. వరదలలో ఎఱ్ఱనీరు వచ్చి దానిని సముద్రమునకు నెట్టును. కావున వరదకాలమున నావను ఎగువకు కొనిపోయి నెలలకొలది మంచినీట నుంచుట మా మేనమామగారి యాచారము. ఒకటి రెండు వారములు చాలవు. ఆ జంతువు తన రంధ్రమునకు తానే బిరడావేసికొని కొన్నాళ్ళు ఓపిక పట్టగలదు.

రెండవది కుళ్ళు. దీనిని గూర్చి చాలమందికి పొరపాటు కలదు. నీటిలో మునిగియుండు అడుగుభాగమే కుళ్ళునని తలంతురు. కాదు. నిత్యము నీట మునిగిన కొయ్యకు గాలి తగులదు. నిత్యము ఎండియున్న కొయ్యకు తడి తగులదు. ఈ రెండింటిలోను కుళ్ళు పుట్టదు. తడియు గాలియు కలిసిన చోటనే బూజుజాతి కొయ్యను తినును. పడవలో అట్టి చోటులు పైభాగముననే యుండును: స్తంభము దిగు గుంట, అంచుపలకల క్రింది సందులు, ముందుకొసలోని మూల, వంపుకొయ్యలు పలకలను తాకు చోటు. అందుచే వానకాలమున పడవపై తాటాకు పందిలి వేయుట, లోనిచేరిన వాననీటిని ఏనాటికానాడు తోడుట, అడుగున రంగువేయుటకంటె ముఖ్యములైన పనులు. ఉప్పునీరు కొయ్యను ఊరగాయవలె కాపాడును, వాననీరే పాడుచేయును. ఈ వాక్యము మా సరంగుది; నేను దానిని గ్రాంథికమునకు మార్చితిని గాని, అర్థమును మార్చలేదు.

ఇక ఏటేటి పని. శివరాత్రి మఱునాడు మాఘబహుళ అమావాస్య. అమావాస్యకు పోటు ఎత్తుగా వచ్చును. ఆ పోటుమీద నావను గట్టునకు తేలించి, పాటు తీసిన పిమ్మట దుంగలమీద నిలుపుదుము. గుల్లలను, పాచిని గీకి, చిల్లులు వెదకి, పలకల సందులలోని పాత పీచును ఇనుపకొక్కెముతో లాగుదుము. తరువాత ప్రత్తినూలునో జనుపపీచునో నూనెలో ముంచి, మొద్దు ఉలితో సందులలో కూరి, గుగ్గిలపు పొడి, సున్నము, నూనె కలిపి నూఱిన ముద్దతో పైన పూడ్చుదుము. దానిపై జీడిపిక్కల నూనె రెండు పూతలు. మోరివంటి గ్రామములలో జీడిపప్పు పరిశ్రమ యుండుటచే ఈ నూనె మనకు దొరకును. దీనికి పురుగు దరిచేరదు. కాని చేతిమీద పడినచో పొక్కులు లేచును. మొదటి సంవత్సరము నాకు పదునైదు దినములు సుద్దముక్క పట్టుటకు వీలుకాలేదు.

ఈ పీచు కూరుటలో ఒక రహస్యము కలదు. గట్టిగా కూరుటయే మేలని క్రొత్తవారు తలంతురు. ఒడ్డుననున్న కొయ్య ఎండి ముడుచుకొని యుండును; నీటిలో దింపగనే ఉబ్బును. సందు నిండ పీచు దట్టించినచో, ఉబ్బిన పలకలకు చోటులేక, మేకులు లేచును, వంపుకొయ్యలు విఱుగును. కావున కొంచెము వదలుగనే యుంచవలెను. దింపిన మొదటి దినము నీరు కారును. రెండవ దినము తగ్గును. మూడవనాటికి పడవ తనంత తానే మూసికొనును. ఆ మొదటి రాత్రి నీరుతోడుచు ధైర్యముగా కూర్చుండుటయే యజమాని నేర్వవలసిన విద్య. వైశాఖపుటెండలో మాత్రము పడవను బయట నిలుపరాదు; నిలుపవలసివచ్చినచో తడిగోనెలు కప్పవలెను.

పలక మార్చునప్పుడు ఏ కొయ్యకు ఆ కొయ్యనే వేయవలెను. భోజుని పేర వెలసిన యుక్తికల్పతరువు అను సంస్కృత గ్రంథమున కొయ్యలను తేలిక, బరువు, మెత్తన, గట్టితనములనుబట్టి నాలుగు జాతులుగా విభజించి, రెండు జాతులు కలిపిన ఓడ శ్రేయస్కరము కాదనిరి. పాఠము చెప్పునాళ్ళలో దీనిని నేను ఛాదస్తముగా త్రోసివైచితిని. తరువాత టేకుపలకల నడుమ చవుకకొయ్యపలక నొకదానిని వేయించి చూచితిని. రెండును ఒకేరీతిగా ఉబ్బవు, ఒకేరీతిగా ముడుగవు. ఆ యొక్క సందులో ఏటేట నీరు కారినది. అదే గ్రంథమున సముద్రపు టోడలకు ఇనుపబందులు కూడదనియు, నీటిలోని అయస్కాంతశిలలు లాగుననియు కలదు. కారణము నమ్మదగినది కాదుగాని, ఫలితము అబద్ధముకాదు. ఉప్పునీట ఇనుపమేకు చిలుమెక్కి, చుట్టునున్న కొయ్యను నల్లబఱచి పుచ్చజేయును. మన తీరమున కొన్ని పడవల పలకలను మేకులు లేక కొబ్బరిత్రాళ్ళతో కుట్టుట ఊరకే యేర్పడిన పద్ధతి కాదు. నేను పాత మేకులు తీసిన చోట రాగిమేకులు వేయించుచున్నాను. ఖర్చే.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత మన తీరమున ఫైబరు పడవలు విశేషముగా వ్యాపించినవి. అవి తేలిక, పురుగు పట్టదు, ఏటేట పీచు కూరనక్కఱలేదు. వానిని నేను నిందింపను. మొదటినుండియు ఆ వస్తువుతోనే చేసినది ఆ వస్తువుగనే యుండును. కాని 2009లో ఒక పనివాడు వచ్చి, మీ కొయ్యనావకు పైన ఫైబరు తొడుగు వేసినచో ఇరువదియేండ్లు చూడనక్కఱలేదని చెప్పగా, నేను నమ్మితిని. నావ నిగనిగలాడినది. సరంగు ఒక్కమాట యనెను: “పంతులుగారూ, దీన్ని మూసేశారండి. ఊపిరాడక సచ్చిపోద్దండి.” నేను నవ్వితిని.

కొయ్య లోపల పూర్తిగా ఆఱలేదు. పైనుండి దిగిన వాననీరు తొడుగునకును పలకకును నడుమ చేరి, వెలికి పోవు దారిలేక నిలిచినది. తడి, గాలి, వెచ్చదనము మూడును దొరకిన కుళ్ళునకు అంతకంటె కావలసినదేమి? 2012లో వంపుకొయ్య నొకదానిని సరంగు కత్తిమొనతో పొడువగా, కత్తి పిడివఱకు దిగినది. తొడుగును ఊడదీయ మూడువారములు పట్టినది. పదునొకండు వంపుకొయ్యలు, తొమ్మిది పలకలు మార్చవలసివచ్చినది. ఆఱునెలల జీతము పోయినది. సరంగు నన్ను తిరిగి ఒక్కమాటయు అనలేదు. అదియే నాకు కష్టముగా తోచినది.

యంత్రము సంగతి వేఱు. అది అక్కఱకు వచ్చును. తెల్లవారుజామున నేలగాలి, మధ్యాహ్నము సముద్రపుగాలి వచ్చుట మన ప్రాంతమున సాధారణము. పూర్వులు ఆ గాలులను, పోటుపాటులను చూచికొని బయలుదేరెడివారు. గాలి పడిపోయినచో, రోగియో గర్భిణియో పడవలో నున్నచో, యంత్రము ప్రాణము కాపాడును. కాని తెరచాపకొఱకు కట్టిన నావలో బలమంతయు నడుమ, స్తంభము మొదట నుండును. యంత్రమేమో వెనుక కూర్చుండి అదరును. ఆ యదరుటకు మేకులు వదలును. నేను వెనుక భాగమున రెండు అడ్డదూలములు వేయించి, చిన్న యంత్రమును అమర్చి, పనిలేనప్పుడు దానిని విప్పి యింట పెట్టుదును. మఱియొక మాట: 2021 నాటి దేశీయ నౌకల చట్టము ననుసరించి యంత్రము గల పడవకు నమోదును, తనిఖీపత్రమును కావలెను. తెరచాపకు నూలుగుడ్డ మాని క్రొత్తరకపు దారపుగుడ్డ వేసితిని. తుమ్మబెరడు కషాయములో ఉడికించు శ్రమ తప్పినది. అయితే ఎండలో అది పెళుసగును, కావున విప్పి నీడను పెట్టుదును.

1996 నవంబరు 6 నాటి తుపాను మీకు జ్ఞాపకముండును. వేయిమందికి పైగా పోయిన ఆ తుపాను. ఆనాటి ఉదయమున ఆకాశము చూచి, సరంగు స్తంభము దించి, నావను మడచెట్ల నడుమనున్న పాయలోనికి త్రోసి, అడుగుబిరడా లాగి నీటితో నింపి ముంచివేసెను. త్రాళ్ళను మడచెట్ల మొదళ్ళకు కట్టెను. నాల్గవనాడు ఇద్దఱము నీరుతోడి లేపితిమి. ఒక్క చుక్కాని విఱిగినది. గట్టుమీద కట్టిన పడవలు మూడు కొబ్బరితోటలలో దొరకినవి.

ఆ సరంగు ఇప్పుడు లేడు. పీచు కూరుట నెఱిగిన వడ్రంగి మా వైపు ఒక్కడే మిగిలియున్నాడు. అతని కుమారులు కాకినాడలో తలుపులు, కిటికీలు చేయుచున్నారు. నిరుడు తట్టి చూచునప్పుడు ఎడమవైపు నీటిగీటు దగ్గఱ రెండు పలకలు మారుపలికినవి. టేకు కొని మామిడిచెట్టు క్రింద ఆఱవేసితిని. శివరాత్రికి వచ్చెదనని వడ్రంగి చెప్పినాడు. బడిసెలవులు గదా, మనుమనిగూడ వెంటబెట్టుకొని రమ్మంటిని. ఉలి పట్టుకొనుటకు ఒకడుండవలెను.