చక్రాల ఇంటి గోడలో ఏముంది?

1980 జూన్‌లో టెక్సాస్‌లోని డాలస్-ఫోర్ట్‌వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయం దగ్గర ఎండ 45 డిగ్రీల సెల్సియస్‌కు ఎక్కింది. అక్కడే 2021 ఫిబ్రవరి 16న చలి మైనస్ 19కి దిగింది. ఆ విమానాశ్రయానికి ఉత్తరపు అంచును ఆనుకుని ఉన్న ఊరు కాపెల్. ఇక్కడి ఇళ్లు ఆ ఎండనూ ఆ చలినీ ఉన్నచోటే ఉండి ఓర్చుకుంటాయి. చక్రాల మీద తిరిగే ఇల్లయిన మోటార్‌హోమ్‌కు ఆ వెసులుబాటు లేదు. 9 మీటర్ల పొడవున్న అల్యూమినియం పట్టీ ఆ రెండు రోజుల తేడాకు దాదాపు 13 మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి అంటించిన ఫైబర్‌గ్లాస్ సాగే లెక్క వేరు. చెక్క వేడికి పెద్దగా సాగదు గానీ తడికి ఉబ్బుతుంది. ఇన్ని తీరుల సరుకును ఒక్క గోడగా కలిపి, ఆ గోడకు కిటికీలు కోసి, హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి కుదిపితే అతుకు ఎక్కడో ఒకచోట వదులవుతుంది. మోటార్‌హోమ్ బాడీ కట్టేవాళ్ల పనితనమంతా అతుకు వదిలే ఆ రోజును ఎంత వెనక్కి నెట్టగలరన్నదే.

కాపెల్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవిలో అమ్మానాన్నలు ఊరి నుంచి వస్తారు, పిల్లలకు బడి ఉండదు, ఎల్లోస్టోన్ దాకా వెళ్లొద్దామన్న మాట వస్తుంది. పెద్దవాళ్లకు బాత్రూమ్ చేతికందేలా ఉండాలి, మధ్యాహ్నానికి చారూ అన్నమూ ఉండాలి. ఆ రెండూ తీర్చే బండి మోటార్‌హోమ్ ఒక్కటే. కాబట్టి మొదట అద్దెకు తీసుకుంటారు, నచ్చితే పాతది కొంటారు. కొనేటప్పుడు సోఫా చూస్తారు, టీవీ చూస్తారు, ఎన్ని మైళ్లు తిరిగిందో చూస్తారు. గోడ ఎవరూ చూడరు. బండి బతుకు మాత్రం ఆ గోడ మీదే ఉంది.

చాసిస్ ఒకరిది, బాడీ ఒకరిది

విజయవాడ ఆటోనగర్ ఎరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లారీ కంపెనీ నుంచి చాసిస్ వస్తుంది. దాని మీద వడ్రంగి, వెల్డరు, పెయింటరు కలిసి బాడీ కడతారు. 1982లో ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్య రథమూ అలా తిరగ్గట్టినదే. పాత షెవ్రొలే వాహనాన్ని మార్పించుకున్నారు, హరికృష్ణ నడిపారు. అమెరికాలోనూ పద్ధతి అంతే. ఇంజనూ ఇరుసులూ ఉన్న అస్థిపంజరాన్ని ఫోర్డో ఫ్రైట్‌లైనరో పంపిస్తుంది. ఇల్లు కట్టేది మరొకరు. ఆ కట్టేవాళ్లలో అత్యధికులు ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే ఉన్నారు. దేశంలో తయారయ్యే ఆర్వీల్లో, అంటే మోటార్‌హోమ్‌లూ ట్రైలర్లూ కలిపి, 80 శాతానికి పైగా ఆ ఒక్క రాష్ట్రానివే.

క్లాస్ ఏ అంటే బోడి చాసిస్ మీద ముందు అద్దం నుంచి వెనక బంపర్ దాకా కొత్తగా కట్టిన బస్సులాంటిది. క్లాస్ బీ అంటే స్ప్రింటర్, ట్రాన్సిట్ లాంటి వ్యాను లోపల అమర్చిన ఇల్లు. ఇందులో బయటి బాడీ కంపెనీ స్టీలుదే కాబట్టి మన కథలో దానికి పాత్ర తక్కువ. కుటుంబాలు ఎక్కువగా తీసుకునేది క్లాస్ సీ. వ్యాను ముందుభాగాన్ని అలాగే ఉంచి, వెనక ఇంటిపెట్టె కట్టి, డ్రైవర్ నెత్తిన ఒక పడక వేస్తారు.

ఆ పెట్టె కట్టడంలో పాత పద్ధతి చెక్కా రేకూ. అంగుళంన్నర మందపు స్ప్రూస్ లేదా పైన్ రీపర్లతో చట్రం కట్టి, స్టేపుల్ పిన్నులు కొట్టి, మధ్య ఖాళీల్లో గాజు ఉన్ని కూరి, బయట సన్నటి ముడతల అల్యూమినియం రేకు తొడుగుతారు. చవక. దెబ్బ తగిలితే ఒక రేకు విప్పి ఇంకొకటి వేయవచ్చు. కానీ నీళ్లు లోపలికి దిగితే గాజు ఉన్ని పట్టుకుని వదలదు, పిన్నులు తుప్పు పడతాయి, చెక్క కుళ్లుతుంది. బయట రేకు మాత్రం కొత్తదానిలాగే మెరుస్తుంటుంది.

కొత్త పద్ధతి అంటింపు గోడ. మా వీధిలో ఉండే గుంటూరు అన్నయ్య తన బండికి కిటికీ కింద కోసి తీసిన ముక్క ఒకటి గరాజులో దాచాడు. అరచేయంత ముక్క. బయట జెల్‌కోట్ నునుపుతో తెల్లటి ఫైబర్‌గ్లాస్ పొర, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని వెనక మూడు మిల్లీమీటర్ల లువాన్ ప్లైవుడ్. తర్వాత మనం థర్మోకోల్ అనే తెల్లటి నురగ దిమ్మ, అంగుళంన్నర. ఒక అంచున చతురస్రపు అల్యూమినియం గొట్టం కోసిన చోటు తళుక్కుమంటోంది. లోపలి వైపు మళ్లీ లువాన్, దాని మీద పువ్వుల వాల్‌పేపర్. మొత్తం రెండంగుళాలు లేదు. ఇన్ని పొరల్నీ పట్టి ఉంచేది మేకులూ కావు, స్క్రూలూ కావు, పాలీయురేథేన్ జిగురు. ఫ్యాక్టరీలో గోడంత బల్ల మీద పొరలు పరిచి, జిగురు పూసి, రోలర్ల మధ్య నొక్కుతారు, లేదా పైన షీటు కప్పి గాలి మొత్తం లాగేస్తారు. గోడ మొత్తం ఒకే పలకగా బయటికొస్తుంది. తేలిక, గట్టిది, చూడ్డానికి అందం.

ముక్క పైసగం అలా ఉంది. కింద సగంలో లువాన్ నల్లబడి, నీళ్లు తగిలిన పూతరేకులా చేతిలోనే పొడిపొడిగా రాలింది. ఫైబర్‌గ్లాస్ దానంతటదే ఊడి వచ్చింది. “కొనేటప్పుడు సోఫా చూశాం తమ్ముడూ, గోడ చూళ్లేదు” అన్నాడు అన్నయ్య. కిటికీ చుట్టూ ఉండాల్సిన బ్యూటైల్ టేపు ఎండి ముడుచుకుపోయింది. అక్కడ గోరు దూరనంత సందు. ఒక్కో వానకు కొన్ని చుక్కలే దిగేవి. బయటి నుంచి చూస్తే గోడ మీద చిన్న ఉబ్బు, అంతే. ఆర్వీ వాళ్లు దీన్ని డీలామినేషన్ అంటారు. ఆ ఉబ్బు కనిపించేనాటికి లోపల ప్లైవుడ్ చాలా మేరకు పోయి ఉంటుంది.

లువాన్‌ను ఎందుకు వాడారు?

లువాన్ ఆగ్నేయాసియా అడవుల చెట్టు. మన శేషాచలం కొండల్లోని జాలారికి దగ్గరి బంధువు. పలచగా చీల్చినా విరగదు, ముడి తక్కువ, నునుపు ఎక్కువ, జిగురు బాగా పడుతుంది, ధర తక్కువ. గుణాలన్నీ మంచివే, తడి ఒక్కటే గిట్టదు. నా ఉద్దేశంలో ఆర్వీ పరిశ్రమ ఈ ఒక్క బలహీనతను చాలా ఏళ్లపాటు కొనేవాడి నెత్తిన వదిలేసింది. ఇప్పుడు అజ్‌డెల్ అనే పదార్థం వచ్చింది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, గాజు నారలు కలిపి నొక్కిన పలక ఇది. కుళ్లదు. ధర ఎక్కువ కాబట్టి కొందరు తయారీదారులు బయటి వైపు మాత్రమే వేసి లోపల పాత లువానే ఉంచుతారు. బ్రోషర్‌లో అజ్‌డెల్ పేరు కనబడితే రెండు వైపులా ఉందా అని అడిగి తీరాలి.

చెక్క పలకల జిగురుకు ఇంకో చీకటి కోణం ఉంది. 2005లో కత్రీనా తుపాను తర్వాత ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం ట్రైలర్లు ఇచ్చింది. కొన్నాళ్లకు వాళ్లకు కళ్లమంటలు, దగ్గు, తలనొప్పి. ప్లైవుడ్, పార్టికిల్ బోర్డుల జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు ఎక్కువగా వెలువడుతోందని 2008 మొదట్లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పరీక్షలు తేల్చాయి. 2010లో దీని మీద సమాఖ్య చట్టమే వచ్చింది. నిలువ నీడ లేనివాళ్లకు ఇచ్చిన నీడే వాళ్ల ఊపిరిని దెబ్బతీసిన ఆ ఉదంతం చదివితే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఎండలో తలుపులు మూసి ఉంచిన కొత్త బండి ఎక్కగానే ఘాటు వాసన కొడితే, పసిపిల్లలతో ప్రయాణానికి ముందు కిటికీలన్నీ తెరిచి దాన్ని బాగా గాలాడనివ్వడం మంచిది.

వేరే దారులు తొక్కినవాళ్లూ ఉన్నారు. అయోవాలో ఫర్నిచర్ దుకాణం, అంత్యక్రియల వ్యాపారం నడిపిన జాన్ కె. హాన్సన్ విన్నెబాగో సంస్థను నిలబెట్టాడు. నురగకు ఇరువైపులా పలకలు అంటించే థర్మో ప్యానెల్‌ను 1960లలోనే తెచ్చి, 1966లో మోటార్‌హోమ్‌లు మొదలుపెట్టింది ఆ సంస్థ. వాలీ బయామ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ 1936 నాటి క్లిప్పర్ నుంచి విమానాల తీరులో అల్యూమినియం పలకలను రివెట్లతో కుట్టుకుంటూ వచ్చింది. 1979 నుంచి కొన్నేళ్లు అదే తీరులో మోటార్‌హోమ్‌లూ చేసింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జీఎంసీ మోటార్‌హోమ్. 1973 నుంచి 1978 దాకానే చేశారు. అల్యూమినియం చట్రం, ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం తొడుగు, లోపల స్ప్రే చేసిన నురగ. గోడలో కుళ్లే చెక్క లేదు. అందుకే అర్ధశతాబ్దం గడిచినా చాలా బండ్లు ఇంకా రోడ్డు మీద ఉన్నాయి. మన డాలస్‌కు దక్షిణాన రైస్ ఊరితో పేరు ముడిపడిన కసీటా ట్రైలర్లది మరో ఉపాయం. పడవల్ని చేసినట్టు ఫైబర్‌గ్లాస్‌ను అచ్చులో పొరలుగా వేసి, రెండు డిప్పలుగా తీసి, నడుము దగ్గర కలుపుతారు. పైకప్పుకూ గోడకూ మధ్య అతుకే లేనప్పుడు అక్కడ కారేదేముంది? అయితే కొత్త సైజు కావాలంటే కొత్త అచ్చు చేయాలి. అందుకే పెద్ద కంపెనీలు అటు వెళ్లవు.

అంతా స్టీలుతో కట్టొచ్చు కదా అంటే బరువు అడ్డం వస్తుంది. స్టీలు అల్యూమినియానికి మూడు రెట్లు బరువు. క్లాస్ సీలో ఎక్కువగా కనిపించే ఫోర్డ్ ఈ-450 చాసిస్ మోయగల మొత్తం 14,500 పౌండ్లు, అంటే 6,577 కిలోలు. ఇల్లు, ఇంజను, మనుషులు, నీళ్లు, బియ్యం మూట అన్నీ అందులోనే. 40 గ్యాలన్ల మంచినీళ్లే 150 కిలోలు. ఇంకా ఎంత మోయొచ్చో తెలిపే స్టికర్ ప్రతి బండిలో ఉంటుంది, చదవాలి. పెద్ద క్లాస్ ఏ బండి బరువు 26,000 పౌండ్లు దాటితే టెక్సాస్‌లో మామూలు కారు లైసెన్సు చాలదు.

అల్యూమినియానికీ ఓ లోపముంది. అది నురగ కన్నా వేల రెట్లు వేడిని పంపుతుంది. చలికాలం పొద్దున్నే లోపలి గోడ మీద గొట్టం ఉన్నంత మేరా తేమ గీతలు తేలతాయి. టెక్సాస్ ఎండలో అదే గొట్టాల వెంట వేడి లోపలికి దిగి ఏసీ అలసిపోతుంది.

పైకప్పు

కాపెల్‌లో చాలా కాలనీల ఇళ్ల యజమానుల సంఘాలు (హెచ్ఓఏలు) బండిని ఇంటి ముందు పెట్టనివ్వవు. అద్దె స్టోరేజీల్లో పెడతారు, చాలావాటికి పైన నీడ ఉండదు. ఏడాదంతా ఎండ పైకప్పు మీదే. చాలా బండ్ల కప్పు మీద పరిచేది ఈపీడీఎం రబ్బరు లేదా టీపీఓ షీటు. ఈపీడీఎం ఏళ్లు గడిచేకొద్దీ సుద్దలా పొడి వదులుతుంది. బండి పక్కల తెల్లటి చారలు అవే. వసంతంలో ఉత్తర టెక్సాస్‌కు వడగళ్లు తప్పవు. అల్యూమినియం రేకుకు పడ్డ సొట్ట మళ్లీ లేవదు. ఫైబర్‌గ్లాస్ మీద సన్నటి పగుళ్లు పడతాయి, వాటిలోంచి నీళ్లు దిగుతాయి. వెంట్లు, ఏసీ, యాంటెన్నా, సోలార్ పలకలు, దేని కోసం చేసిన చిల్లైనా దాని చుట్టూ సీలెంట్ బిగువుగా ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో వడగళ్లకు ముందు, అక్టోబరులో ఎండ తగ్గాక, నిచ్చెన వేసుకుని చూడాలి. పగిలిన సీలెంట్ మీద కొత్తది పోయడం ఒక పూట పని. కుళ్లిన గోడ మార్చడం నెలల పని. పాత బండి ధరను మించి బిల్లు కావచ్చు.

పాత క్లాస్ సీ చూడ్డానికి వెళితే లోపల అడుగుపెట్టగానే సోఫా వైపు తిరగొద్దు. డ్రైవర్ నెత్తిన ఉన్న పడక ఎక్కండి. గాలీ వానా మొదట కొట్టేది అక్కడే, ఎక్కువ అతుకులున్నదీ అక్కడే. పరుపు ఎత్తి రెండు ముందు మూలలను బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగబడ్డా, ముక్కిన వాసన వచ్చినా, వాల్‌పేపర్ గోధుమరంగుకు తిరిగినా కిందికి దిగేసి అమ్మేవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి. గట్టిగా, పొడిగా ఉంటే అప్పుడు మిగతా బండి చూడొచ్చు. బయట నాలుగు వైపులా తిరిగి గోడ మీద వేళ్లతో తట్టుకుంటూ పోండి, డొల్ల శబ్దం వచ్చినచోట ఆగండి.